మిగిలిపోయిన తోలు

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో మనిషి విలువ కట్టడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, పొట్ట చూస్తే సరిపోయేది. పొట్ట ఉన్నవాడు కలిగినవాడు, లేనివాడు లేనివాడు. ఆ లెక్కన నేను ఊళ్ళో గొప్ప ఆస్తిపరుల్లో ఒకణ్ణి. బోర్డు స్కూల్లో మూడో ఫారం పిల్లలకి లెక్కలు చెప్పుకునే మేష్టర్ని, నా జీతం ఏపాటిదో నాకూ దేవుడికీ తెలుసు. అయినా షావుకార్లు నేను కూర్చున్న చోటికే వచ్చి మరీ దణ్ణం పెట్టేవారు. లేవమని నన్ను ఇబ్బంది పెట్టేవారు కారు.

ఒకసారి బెల్లం కొట్లో సరదాకి నన్ను కాటా మీద కూర్చోబెట్టారు. పదిన్నర మణుగులు తూగాను. మణుగుకి ఎనిమిది వీశెల చొప్పున హెచ్చవేసి, నమ్మకం చాలక రెండోసారి కూడా వేసుకున్నాను. కొట్టాయన మాత్రం తన కాటా పావనమైపోయిందన్నాడు. బండివాళ్ళు నన్ను సరిగ్గా ఇరుసు మీద కూర్చోమని బతిమాలుకునేవారు. వెనక్కి జరిగితే ఎద్దుల కాళ్ళు గాల్లోకి లేస్తాయట. అది కూడా నేను గౌరవం కిందే జమకట్టుకున్నాను.

మన్యంలో గొడవలు చల్లారి, ఊరి చివర పోలీసు డేరాలు ఎత్తేసిన ఏడాది నాకు దాహం పట్టుకుంది. కడవలు ఖాళీ చేస్తున్నాను, రాత్రికి ఏడెనిమిదిసార్లు పెరట్లోకి వెళుతున్నాను. ఒకరోజు మా ఆవిడ పెరట్లో చీమల బారు చూసి, అది ఎక్కడికి పోతోందో కనిపెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని వైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నాడి కూడా చూడలేదు. చీమల సంగతి వినగానే మధుమేహం అన్నాడు. అన్నం మానేసి చోడి అంబలి, అదే రాగి జావ, తాగమన్నాడు, పొద్దున్నే వరాహ నది దాకా నడిచి రమ్మన్నాడు. మానకపోతే ఎన్నాళ్ళు బతుకుతానో కూడా చెప్పాడు. అది విన్నాక నడక పెద్ద దూరమనిపించలేదు.

మా నాన్న చెరకు తోటల్లో చోడి అంబలి తాగుతూ నన్ను చదివించాడు, కొడుకు అన్నం తినే ఉద్యోగం చెయ్యాలని. కష్టపడి చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, అన్నం తిన్నాను. అంత శ్రద్ధగా తిన్నందుకు బహుమానంగా నన్ను మళ్ళీ అంబలికి పంపించారు. మా ఆవిడ వీధి తలుపు వేసి, కిటికీ రెక్కలు దగ్గరికి లాగి, అప్పుడు గిన్నె నా ముందు పెట్టేది. ఇంట్లో సారా కాస్తున్నా అంత జాగ్రత్త పడేవాళ్ళం కాదేమో.

పద్నాలుగు నెలలకి ఆరు మణుగులకి దిగాను. దాహం పోయింది, చీమలు వేరే ఇల్లు చూసుకున్నాయి. వైద్యుడు తన గొప్పతనానికి తనే మురిసిపోయాడు. అంతా బాగానే ఉంది, తోలు తప్ప. కొవ్వు కరిగింది, పొట్ట పోయింది, తోలుకి మాత్రం బదిలీ ఉత్తర్వు అందినట్టు లేదు, ఎక్కడిదక్కడే ఉండిపోయింది. పదిన్నర మణుగుల మనిషికి సరిపడా తోలులో ఆరు మణుగుల మనిషిని నేను కాపురం ఉంటున్నాను. పొట్ట దగ్గర తోలు రెండు మడతలు పడి తొడల మీదకి దిగింది. చేతుల కింద వేలాడింది. నల్లబల్ల మీద లెక్క వేస్తే నా చెయ్యి ఆగాక కూడా చెయ్యి కింద తోలు కాసేపు ఊగేది. పిల్లలు లెక్క వదిలేసి దాన్నే చూసేవారు.

పంచె తోలుకి పైన కట్టాలా, కింద కట్టాలా అన్నది నాకు జీవితంలో ఎదురైన లెక్కలన్నిట్లోకీ కష్టమైన లెక్క. పైన కడితే తోలు కిందనించి జారి ముడిని వదులు చేసేది. కింద కడితే ముందువైపు ఏదో మూట దాచుకున్నట్టు ఉండేది. వైద్యుణ్ణి అడిగాను. శాస్త్రంలో ఒళ్ళు తగ్గించడం వరకే ఉందనీ, తగ్గాక మిగిలిన దాని సంగతి ఋషులు రాయలేదనీ చెప్పాడు. ఋషులందరూ పుట్టుకతోనే బక్కవాళ్ళు కాబోలు, వాళ్ళకేం తెలుస్తుంది.

నవ్వులాట ఎలా ఉన్నా వేసవిలో ఆ మడతల్లో చెమట పట్టి, ఒరిసిపోయి పుండు పడింది. రోజూ స్నానమయ్యాక మడత ఎత్తి, పాత మెత్తటి గుడ్డతో అద్ది, తడి ఆరేదాకా ఎండలో నిలబడి, ఆపైన పసుపూ కొబ్బరినూనే రాసుకోవాలి. ఒకరోజు పెరట్లో రెండు చేతులతో పొట్ట తోలు ఎత్తి పట్టుకుని ఆరబెట్టుకుంటున్నాను. గోడ అవతల వడియాలు పెట్టుకుంటున్న పక్కింటావిడ తలెత్తి చూసింది. ఆ ఏడాది వాళ్ళింట్లో వడియాలు లేవు.

ఇక ఊరి సంగతి. పద్నాలుగు నెలలు అంబలి తాగి ప్రాణం నిలబెట్టుకుంటే ఊరంతా పరామర్శకి వచ్చింది. చిక్కినవాడికి ఒకటే జబ్బు ఉంటుంది వాళ్ళ దృష్టిలో, క్షయ. మధుమేహం అని నేనెంత మొత్తుకున్నా, పాపం ఇంకా తెలిసినట్టు లేదని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. నా తమలపాకుల పెట్టెలోంచి రోజూ వేసుకునే తోటి మేష్టరు సొంత పెట్టె కొనుక్కున్నాడు. హెడ్మాస్టరు నా కుర్చీని గాలి బాగా వస్తుందని కిటికీ దగ్గరికి జరిపించాడు. గాలి నాకు కాదు, నానుంచి అవతలికి పోవడానికి. ఇదివరకు లేచి నిలబడనివ్వని షావుకార్లు ఇప్పుడు నన్ను కూర్చోమనడం మానేశారు.

వాళ్ళు ఏమనుకున్నా నాకు లెక్కలేదు. నేను భయపడింది అన్నయ్య దగ్గర్నించి ఉత్తరం వచ్చినప్పుడు. దీపావళికి అమ్మని నా దగ్గర దింపుతానని రాశాడు.

అమ్మ రాయవరం దగ్గర పల్లెలో అన్నయ్య దగ్గర ఉండేది. రెండు కళ్ళకీ శుక్లాలు, వెలుగు చీకటి తప్ప ఏమీ తెలియదు. ఏది చూడాలన్నా చేతులతోనే చూసేది. మూడేళ్ళ కిందట మా తమ్ముడు క్షయతో పోయాడు. ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలూ వాడి ఒళ్ళు అమ్మే తుడిచింది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. నిన్నటికంటే ఇవాళ ఎంత తగ్గాడో వేళ్ళతోనే లెక్కపెట్టుకునేది. వాడు మాత్రం పోయే వారం దాకా "ఏం లేదమ్మా, కాస్త చిక్కానంతే" అనే అన్నాడు. వాడు పోయాక అమ్మ రెండు నెలలు మంచం దిగలేదు, గంజి చెంచాతో పోస్తే తప్ప తాగలేదు. ఇంకో కొడుకు కూడా అలాగే అయిపోతున్నాడని ఆ చేతులకి తెలిసిందంటే ఆవిడ బతకదు. ఇదేదో నేను ఊహించుకున్న భయం కాదు. నా సంగతి తెలిసిన అన్నయ్యా అదే రాశాడు, ఎలాగైనా జాగ్రత్తపడమని. అందుకే ఏడాదిన్నరగా పరీక్షలనీ, బండి దొరకలేదనీ నేను పల్లెకి వెళ్ళడం ఎగ్గొడుతున్నాను.

చెబితే పోలేదా అంటారు. ఏమని చెప్పాలి? ఏం లేదమ్మా, కాస్త చిక్కానంతే, అనా?

దీపావళికి అరవై రోజులుంది. ఆలోగా తోలు బిగించాలి. సున్నిపిండి రుద్దాం, ఆముదం పట్టించాం, ఎవరో చెబితే ఒండ్రుమట్టి కూడా మెత్తాం. మట్టి ఎండి రాలిపోయింది, తోలు ఉన్నచోటే ఉంది. చివరికి మా ఆవిడకి బుర్రలో దీపం వెలిగింది. తొమ్మిది నెలలు సాగిన పొట్టని ఆడవాళ్ళం ఏం చేస్తామని అడిగింది. ఏం చేస్తారు, నడికట్టు కడతారు. పురుడయ్యాక బాలింత పొట్ట చుట్టూ పాత చీర బిగించి చుట్టే కట్టు అది. నేను మగాణ్ణి కదా అన్నాను. తోలుకి ఆ సంగతి తెలియదులెమ్మంది.

మర్నాడే మంత్రసాని వచ్చింది. నా పిల్లలు ముగ్గురికీ పురుడు పోసిన మనిషే. నా చొక్కా విప్పించి చుట్టూ తిరిగింది, మడత ఎత్తి చూసింది, బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఎంతమందిని కన్నావేటి బాబూ, ఒక్క కానుపుకి ఇంత సాగదు" అంది. మా ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడు మూరల పాత చీర చుట్టి, చెరోవైపు కాలు తన్నిపెట్టి లాగారు. నా ప్రాణం గొంతులోకొచ్చి ఆగింది. కట్టు ఒక్కటే చాలదని మంత్రసాని పథ్యం కూడా పెట్టింది. చన్నీళ్ళు తాగకూడదు, గాలికి తిరగకూడదు, పొద్దున్నే శొంఠీ మిరియాలూ దంచి చేసిన కాయం ఉండ మింగాలి. నాకెందుకే కాయం అంటే, కట్టు కట్టిందంటే కాయం తినాల్సిందేనంది. వాదించి గెలవగలనా? నలభై రోజులు బాలింతగా గడిపాను. క్లాసులో కర్రలా నిటారుగా కూర్చునేవాణ్ణి. సుద్దముక్క కిందపడితే పిల్లలచేత తీయించేవాణ్ణి. మేష్టారికి ఎక్కడలేని హుందాతనం వచ్చిందని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా.

మేం చెయ్యని ఆలోచన ఒకటుంది. మంత్రసాని రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, అరగంటకి చెమట తుడుచుకుంటూ బయటికి వెళుతుంటే ఊరు ఏమనుకుంటుంది? మంత్రసాని నా కోసం వస్తోందనుకునేంత తెలివైనవాళ్ళు మా వీధిలో లేరు. పదిరోజుల్లో మా ఆవిడకి ముప్ఫయ్యెనిమిదో ఏట నెల తప్పిందని అందరికీ తెలిసిపోయింది, ఆవిడకి తప్ప. పేరంటంలో ఆవిడకి రెండు తాంబూలాలు ఇచ్చారు. పుల్లమామిడికాయ ఊరగాయ పంపారు. ఆవిడ ఇంటికొచ్చి నాతో మూడురోజులు మాట్లాడలేదు. నిజం చెప్పుకుని బయటపడదామా అంటే, నిజం ఇంకా అన్యాయంగా ఉంది.

నాకు మాత్రం దానివల్ల మేలే జరిగింది. క్షయ ఉన్నవాడికి పిల్లలు పుట్టరని మా ఊరి వైద్యశాస్త్రం. కాబట్టి నాకు క్షయ లేదని ఏకగ్రీవంగా తేల్చేశారు. తోటి మేష్టరు సొంత పెట్టె ఇంట్లో పారేసి మళ్ళీ నా పెట్టెలో చెయ్యి పెట్టాడు. హెడ్మాస్టరు నా కుర్చీని వెనక్కి జరిపించి, ఈ వయసులో ఏమిటండీ అని కన్నుకొట్టాడు. ఏడాదిగా నేను గొంతు చించుకున్నా నమ్మనివాళ్ళు, జరగని గర్భాన్ని మాత్రం చటుక్కున నమ్మేశారు.

నలభై రోజులు పూర్తయ్యాయి. మంత్రసాని కట్టు విప్పింది, మేం ముగ్గురం వంగి చూశాం. తోలు ఎర్రగా, అట్టలు కట్టినట్టు, నలభై రోజుల చారలతో సహా మళ్ళీ కిందకి దిగింది. "మగతోలు బాబూ, సెప్పినమాట యినదు" అని ఆవిడ కట్టు చీర మడతపెట్టేసింది. అమ్మ బండి ఇంకో ఆరు రోజుల్లో వస్తుంది.

ఇక మిగిలింది మోసం. అమ్మ దిగే రోజు నడికట్టు మళ్ళీ కట్టించుకుని, దానిమీద దుప్పటి మడతపెట్టి కుట్టించి, దానిమీద చొక్కా, చొక్కా మీద పాత కోటు వేశాను. ఆ కోటు పదిన్నర మణుగుల నాటిది. మొహం ఎలా? రెండు బుగ్గల్లోనూ తమలపాకుల చిలకలు రెండేసి కుక్కాను. అమ్మ బండి దిగి చేతులు చాపింది. భుజం చూసింది, పొట్ట మీద అరచేత్తో తట్టింది, బుగ్గ పట్టుకుంది. "ఒళ్ళు సేసినావురా" అంది, ఎంతో తృప్తిగా. నేను నోరు తెరవలేక ఊఁ అన్నాను. లోపలికి వెళ్ళి ఆకులు ఉమ్మేసి చంకలు గుద్దుకున్నాను, లోకంలో నాకంటే తెలివైనవాడు లేడని.

నాలుగు రోజులు ఇంట్లో కోటుతోనే తిరిగాను. చలిగా ఉందన్నాను. అమ్మ అరుగుమీద కూర్చుంటే నేను పెరట్లో, పెరట్లోకి వస్తే నేను స్కూల్లో. ఇంతా చేసి లెక్కల మేష్టర్ని, ఐదో రోజు లెక్కలో వేసుకోవడం మర్చిపోయాను. ఐదో రోజు నరక చతుర్దశి. మా ఇంట్లో ఆవేళ తెల్లవారకుండా కొడుకులకి ఒంటినిండా నూనె పట్టించి తలంటేది అమ్మే. పెళ్ళాలు పక్కన నిలబడి నీళ్ళు అందించాలంతే. మా నాన్న ఉన్నప్పటినించీ అదే ఆచారం, తమ్ముడు మంచంలో ఉన్న ఏడాది కూడా మంచంలోనే చేసింది.

మా ఆవిడచేత చేయించుకుంటానన్నాను, వినలేదు. జలుబన్నాను. నూనె రాస్తే పోతుందంది. పీట మీద గోచీతో కూర్చున్నాను. కట్టు విప్పలేదు, చీకట్లో తలకి మాత్రం నూనెపెట్టి వదిలేస్తుందేమోనని ఒక పిచ్చి ఆశ. తలయ్యింది, మెడయ్యింది, చేతులు భుజాలమీదనుంచి కిందకి జారాయి. జబ్బల కింద వేలాడే తోలు దగ్గర ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి, నడుము దగ్గరికి వచ్చాయి, కట్టు ముడి దొరికింది.

ఏటిది, అంది. వేడినీళ్ళ చెంబుతో నిలబడ్డ మా ఆవిడ ఓ అడుగు వెనక్కి వేసింది. అమ్మ ముడి విప్పింది. ఏడు మూరలూ నా చుట్టూ తిప్పి తిప్పి విప్పి పక్కన పడేసింది. తోలు జారి ఒళ్ళో పడింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

నాకు ఏడుపు వచ్చేసింది. దాచుకోవడం ఎందుకు, నలభయ్యేళ్ళవాణ్ణి పీట మీద కూర్చుని ఏడ్చాను. చంపేశాను అమ్మని, ఈ పాడు తోలుతో చంపేశాను అనుకున్నాను. ఆవిడ చేతులు మాత్రం కంగారుపడలేదు. మడత ఎత్తింది, కింద తడిమింది. వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది, వదిలి మళ్ళీ పట్టుకుంది. ఏదో బేరం చేస్తున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత పక్కటెముకలు వరసగా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చింది.

"జబ్బు కాదురా ఇది" అంది చివరికి. "జబ్బయితే తోలు ఎముకని కరుసుకుంటాది. ఇది జారతంది. కింద కండుంది. నువ్వు బాగున్నావు."

మా ఆవిడ చెంబు కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. నలభై రోజుల కాయం, కట్టు, ఆకుల చిలకలు, కోటు, అన్నీ తలుచుకుని ఏడుపులోంచి నవ్వొచ్చింది. ఊరందరి కళ్ళకీ తెలియనిది కళ్ళులేని మనిషికి వేలి కొసలతో తెలిసింది. ఆ మాట చెప్పి ఏదో ఒకటి అని నవ్విద్దామని తల తిప్పాను.

అమ్మ నవ్వే స్థితిలో లేదు. మడత వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది. నూనె చేతుల్లోంచి అది జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ దొరకబుచ్చుకుంటోంది.

"ఆడు ఆఖర్న నా సేతుల్లోనే పోయినాడు కదా" అంది. "పట్టుకుందామని సూసినాన్రా. పట్టుకోడానికి ఆడి ఒంటిమీద ఇంత తోలు కూడా నేదు."

నీళ్ళు చల్లారిపోతున్నాయని మా ఆవిడ ఒకసారి అంది, రెండోసారి అనలేదు. వీధిలో ఎవరో అప్పుడే టపాకాయలు మొదలెట్టారు. అమ్మ వదల్లేదు. నేను వదలమనలేదు.